పాత స్పోర్ట్స్ కారు: వేలంలో దేనికి వెల కడతారు?

పుదుచ్చేరి పట్టణానికి పడమరగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో విల్లియనూరు ఉంది. అక్కడి తిరుకామీశ్వరర్ ఆలయ రథోత్సవం పేరుపొందినది. ఫ్రెంచివారి పాలనలో గవర్నరు స్వయంగా వచ్చి రథం తాడు పట్టుకునే ఆనవాయితీ ఉండేది. ఆ ఆనవాయితీ ప్రకారం ఇప్పుడు లెఫ్టినెంట్ గవర్నరు వచ్చి రథం లాగుతారు. ఏ గుడి రథాన్నయినా ఒకసారి తలచుకోండి. చక్రం పుచ్చిపోతే కొత్త చక్రం వేస్తారు. ఇరుసు అరిగితే మారుస్తారు. దూలాలు, చెక్క బొమ్మలు ఒక్కొక్కటిగా మారుతూనే ఉంటాయి. నూరేళ్లు గడిచాక మొదటినాటి కర్ర ఎంత మిగిలిందని ఎవరూ లెక్క చూడరు. అది ఆ స్వామి రథమే. అదే కొలతలతో, అంతకంటే మంచి కర్రతో వడ్రంగి మరొక రథం చేసి పక్కన నిలబెట్టినా, దాన్ని ఎవరూ ఆ రథం అనరు.

ఈ ప్రసంగం రథాల గురించి కాదు, కార్ల గురించి. బ్రిటన్‌లో 1920ల నుంచి 1970ల దాకా తయారైన స్పోర్ట్స్ కార్లు వేలంలో ఎలా అమ్ముడవుతాయి, వాటి విలువను ఎలా కడతారు అన్నది మన విషయం. అయితే రథం దగ్గర మనకు వచ్చిన ప్రశ్నే ఇక్కడా వస్తుంది. ఏది అసలు కారు? ఎంతవరకు మార్చినా అది ఆ కారే అవుతుంది? గుడిలో ఈ ప్రశ్నకు భక్తి సమాధానం చెబుతుంది. వేలంశాలలో కోట్ల రూపాయలు చెబుతాయి. ఒక్కోసారి న్యాయస్థానం కూడా చెప్పవలసి వచ్చింది.

ఈ వ్యాపారానికి పుదుచ్చేరి కేంద్రం కాదు. లండన్, దక్షిణ ఇంగ్లండులోని గుడ్‌వుడ్, ప్యారిస్, అమెరికాలోని మాంటెరీ వంటి చోట్ల పెద్ద వేలాలు జరుగుతాయి. అయినా కారు విలువకూ దాని కాగితాలకూ ఉన్న సంబంధం ఏమిటో పుదుచ్చేరిలో ఉన్నవారికి కొంత ముందే తెలుసు. ఆ సంగతి చివర చూద్దాం.

డాలర్ల కోసం పుట్టిన కార్లు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పులలో మునిగి ఉంది. విదేశీ మారకద్రవ్యం, ముఖ్యంగా డాలర్లు, అత్యవసరం. అందువల్ల ఎగుమతి చేసే కంపెనీలకే ఉక్కు కేటాయింపులో ప్రాధాన్యం ఇచ్చేవారు. ఈ పరిస్థితిలో ఎం.జి. కంపెనీ 1945లో టి.సి. అనే చిన్న రెండు సీట్ల కారును మొదలుపెట్టింది. 1949 వరకు సుమారు 10,000 కార్లు తయారయ్యాయి. అన్నింటికీ స్టీరింగు కుడివైపే. అయినా అమెరికన్లు ఎగబడి కొన్నారు. ఆ తరువాత వచ్చిన కంపెనీలు ఈ పాఠాన్ని బాగా వంటబట్టించుకున్నాయి. 1948లో జాగ్వార్ ఎక్స్‌కె 120, తరువాత ట్రయంఫ్ టి.ఆర్. వరుస, ఆస్టిన్-హీలీ, 1961లో జాగ్వార్ ఈ-టైప్, 1962లో ఎం.జి.బి. వచ్చాయి. వీటిలో పెద్ద భాగం స్టీరింగు ఎడమవైపు పెట్టుకుని అట్లాంటిక్ దాటి వెళ్లిపోయింది. ఆస్టిన్-హీలీ 3000 కార్లలో పదింట తొమ్మిది వంతులకు పైగా విదేశాలకే పోయాయి.

ఈ చరిత్ర నేటి ధరలలోనూ కనిపిస్తుంది. బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చే ఇలాంటి కారు మొదటినుంచీ కుడివైపు స్టీరింగుతో ఆ దేశంలోనే ఉన్నదా, లేక అమెరికా నుంచి తిరిగి తెచ్చి స్టీరింగు మార్చినదా అని కొనేవారు తప్పక అడుగుతారు. రెండూ పక్కపక్కన నిలబెడితే కంటికి తేడా తెలియకపోవచ్చు. ధరలో తెలుస్తుంది.

మన దేశానికి ఈ కార్లు కొద్దిగానే వచ్చాయి. స్వాతంత్ర్యం తరువాత దిగుమతులపై ఆంక్షలు బిగుసుకున్నాయి. సంస్థానాధీశులు, విదేశీ రాయబారులు, తేయాకు తోటల దొరలు తెచ్చుకున్నవే ఎక్కువ. రాయబార కార్యాలయాలు వదిలించుకునే కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద 1950లలో మొదలైన పందేలలో అలాంటి కార్లు పరుగెత్తాయి.

మనకు దగ్గరి చుట్టం మరొకటి ఉంది. మద్రాసు శివారు వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ అనే కారును తయారుచేసింది. అది ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్‌కు భారతీయ రూపం. మీ తాతగారిని అడగండి, ఎవరో ఒక డాక్టరుగారికో ప్లీడరుగారికో ఆ కారు ఉండేదని చెబుతారు. అదే హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టిగా చేసి, ఇటలీకి చెందిన అదే మిచెలొట్టి చేత కొత్త బాడీ గీయించి ట్రయంఫ్ కంపెనీ 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. ఒకటి కుటుంబాల కారు, రెండోది కుర్రకారు కారు. రెండింటి ఎముకలు మాత్రం ఒక్కటే.

పాట ఎక్కడ ఆగుతుంది?

వేలం మనకు కొత్త కాదు. తెల్లవారుజామున హార్బరులో చేపల బుట్టల దగ్గర జరిగేదీ వేలమే. చీటీ పాటలో "ఒకటోసారి, రెండోసారి" అనడం అందరూ విన్నదే. పాత కార్ల వేలంలోనూ పద్ధతి పైకి వెళ్లే పాటే. ముందుగా వేలం సంస్థ ఒక కేటలాగు అచ్చువేస్తుంది. ప్రతి కారుకూ ఒక లాట్ సంఖ్య, ఒక అంచనా ధర, కొంత చరిత్ర అందులో ఉంటాయి. అమ్మేవాడు ఒక కనీస ధరను రహస్యంగా నిర్ణయించుకోవచ్చు. దీన్ని రిజర్వు ధర అంటారు. పాట అక్కడికి చేరకపోతే కారు అమ్ముడుపోదు. ఆ ధర చేరేవరకు వేలం నిర్వాహకుడు అమ్మకందారు తరఫున తానే పాట పెంచవచ్చు. బ్రిటన్‌లో, షరతులలో ముందే చెప్పి ఉంటే, ఇది చట్టసమ్మతమే. కొత్తగా వెళ్లినవాడు మాత్రం వెనుక వరుసలో ఎవరో పోటీ పడుతున్నారనుకుని తిరిగి చూస్తాడు. అక్కడ గోడ తప్ప ఏమీ ఉండదు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ముగ్గురు ఒకే ఈ-టైప్ కోసం వచ్చారనుకుందాం. మొదటివాడు 40 వేల పౌండ్లు దాటకూడదనుకున్నాడు. రెండవవాడు 55 వేలు, మూడవవాడు 80 వేలు. పాట ఎక్కడ ఆగుతుంది? 80 వేల దగ్గర కాదు. రెండవవాడు చేయి దించగానే, అంటే 55 వేలకు ఒక మెట్టు పైన ఆగిపోతుంది. రెండవవాడికి ఆ రోజు రైలు తప్పిపోయి ఉంటే అదే కారు 40 వేలు దాటగానే అమ్ముడయ్యేది. కాబట్టి వేలం ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడినవాళ్లలో చివరిదాకా నిలిచినవాడు. "ఫలానా కారు లక్ష పౌండ్లకు పోయింది" అని పత్రికలో చదివి, మన పెరట్లో ఉన్న అలాంటి కారు విలువ కూడా లక్ష అనుకోవడం అందుకే పొరపాటు. ఒక్క అమ్మకం విలువను చెప్పదు. ఏడాదిలో పది పన్నెండు అమ్మకాలను, అమ్ముడుపోకుండా వెనక్కి వెళ్లినవాటిని కూడా కలిపి చూస్తేనే ఒక అంచనాకు రాగలం.

రెండో చిక్కు ఇంకా లోతైనది. కారు రంగు నచ్చడం, చిన్ననాటి జ్ఞాపకం ఉండడం ఎవరికి వారిదే. కాని రంగు కింద తుప్పు ఎంత ఉన్నదన్నది అందరికీ ఒక్కటే నిజం. అది ఎవరికీ పూర్తిగా కనబడదు. ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా ఊహిస్తారు. అందరికంటే ఆశగా ఊహించినవాడే అందరికంటే ఎక్కువ పాడతాడు, కారు అతనిదే అవుతుంది. అంటే గెలిచినవాడు సగటున తప్పు అంచనా వేసినవాడే అవుతాడు. దీన్ని అర్థశాస్త్రంలో విజేత శాపం అంటారు. సముద్రంలో చమురు తవ్వకాల హక్కుల కోసం కంపెనీలు వేసే టెండర్లను పరిశీలించి ముగ్గురు అమెరికన్ ఇంజినీర్లు 1971లో ఈ విషయాన్ని వివరించారు. వేలం సిద్ధాంతంపై చేసిన కృషికి పాల్ మిల్‌గ్రామ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలిసిన కొనుగోలుదారు ఈ శాపానికి చేసే విరుగుడు ఒక్కటే. తన అంచనాను ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని, దానికి కొంత తగ్గించి, ఆ అంకె దాటగానే లేచి టీ తాగడానికి వెళ్లిపోతాడు. వేలంవెర్రి అన్న మాట హాలులో కూర్చున్నవాడికే అర్థమవుతుంది.

ఒక బెంట్లీ కథ

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. 1929లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు ఒకటి గెలిచింది. దానికి ఓల్డ్ నంబర్ వన్ అని పేరు. 1930లో అదే పందెంలో మళ్లీ గెలిచింది. ఆ తరువాత దాన్ని పందేల కోసం మార్చారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో 8 లీటర్ల ఇంజనుతో పరుగెత్తుతూ ఆ కారు వాలుగోడ మీదుగా బయటికి ఎగిరిపడింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. మిగిలినదాన్ని తీసుకుని మళ్లీ కట్టి, రోడ్డు మీద నడిచే మూత కారుగా చేశారు. దశాబ్దాల తరువాత మరొక యజమాని దాన్ని పాత పందెపు రూపానికి తిరిగి తెచ్చాడు.

1990లో ఆ యజమాని హబ్బర్డ్ దాన్ని మిడిల్‌బ్రిడ్జ్ సిమిటార్ అనే కంపెనీకి కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. తరువాత కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు. ఇందులో 1929 నాటి భాగాలు ఎన్ని ఉన్నాయి? ఛాసిస్ మారింది, ఇంజను మారింది, బాడీ మారింది. ఇది ఓల్డ్ నంబర్ వన్ ఎలా అవుతుంది? అన్నది అతని వాదన. కేసు లండన్ హైకోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తి ఆటన్ తీర్పు చాలా ఆసక్తికరమైనది. 1929లో లె మాన్‌లో పరుగెత్తిన కారు అచ్చంగా అదే రూపంలో మిగిలి లేదని ఆయన అంగీకరించారు. ఆ అర్థంలో దీన్ని ఒరిజినల్ అనలేమన్నారు. కాని ఈ కారు ఎన్నడూ మాయమై మళ్లీ పుట్టలేదు. ఒక్కొక్క మార్పూ జరుగుతున్నప్పుడు అది ఆ కారుగానే ఉంది, చరిత్ర ఎక్కడా తెగలేదు, ఆ పేరు మీద హక్కు చెప్పే మరొక కారూ లేదు. కాబట్టి ఇదే నిజమైన ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పారు. హబ్బర్డ్ గెలిచాడు.

విల్లియనూరు రథాన్ని గుర్తు తెచ్చుకోండి. న్యాయమూర్తి చూసినది ఇనుమును కాదు, తెగని దారాన్ని. వేలంలో పై వరుసలో ఉండే ధరలన్నీ ఈ దారానికి చెల్లించేవే. ఇందుకు మరో రుజువు జాగ్వార్ కంపెనీయే ఇచ్చింది. 1963లో తేలికపాటి అల్యూమినియం బాడీతో 18 పందెపు ఈ-టైప్‌లు తయారుచేయాలని కంపెనీ అనుకుంది. 12 మాత్రమే పూర్తయ్యాయి. 2014లో మిగిలిన ఆరు ఛాసిస్ సంఖ్యలతో పాత కొలతల ప్రకారమే ఆరు కార్లు కడతామని ప్రకటించి, కట్టింది. అవి అదే కంపెనీ కట్టినవి, బహుశా పాతవాటికంటే నాణ్యమైనవి. ఒక్కొక్కటి పది లక్షల పౌండ్లకు పైమాట. 2017 జనవరిలో అమెరికాలోని స్కాట్స్‌డేల్‌లో బోనమ్స్ వేలంలో 1963 నాటి అసలు కారు ఒకటి 73 లక్షల 70 వేల డాలర్లకు పోయింది. అప్పటి మారకం ప్రకారం సుమారు 60 లక్షల పౌండ్లు. రెండింటి మధ్య లోహంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా 1963కూ 2014కూ మధ్య గడిచిన కాలానిది.

అదే ఏడాది ఆగస్టులో ఆస్టన్ మార్టిన్ డి.బి.ఆర్.1 పందెపు కారు మాంటెరీలో 2 కోట్ల 25 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. అప్పటికి వేలంలో ఏ బ్రిటిష్ కారుకూ అంత ధర రాలేదు. 1959లో స్టర్లింగ్ మాస్ దానితో నూర్‌బుర్గ్‌రింగ్ పందెం గెలిచాడు.

సంఖ్యలు, తుప్పు, పుట్టీ

అందరూ లె మాన్ విజేతలను కొనరు కదా. మామూలు కొనుగోలుదారు చూసేది మరొకటి. ఎం.జి.బి. కార్లు 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే నడిచే స్థితిలో ఉన్న మంచి కారు ఇప్పటికీ పది వేల పౌండ్ల చుట్టుపక్కల దొరుకుతుంది. ఈ-టైప్‌లు 72 వేల పైచిలుకు. వాటిలో 1961–64 నాటి 3.8 లీటర్ల తొలి కార్లకు ఆదరణ ఎక్కువ. చివరి రోజుల 12 సిలిండర్ల మూత కార్లు శక్తిలో పైమెట్టు, ధరలో మాత్రం కింది మెట్టు. ఎక్కువ శక్తి అంటే ఎక్కువ విలువ అనుకునే కుర్రాళ్లకు ఇది వింతగా తోస్తుంది. మొదటి గీత అందమే కొనేవారికి ముఖ్యం.

ప్రతి కారు మీద ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ సంఖ్యలు చెక్కి ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజు ఏ సంఖ్యలు ఉన్నాయో కంపెనీ పుస్తకాలలో రాసి ఉంది. జాగ్వార్ పుస్తకాలు ఆ కంపెనీ వారసత్వ ట్రస్టు దగ్గర ఉన్నాయి. ఎం.జి., ఆస్టిన్-హీలీ, ట్రయంఫ్ పుస్తకాలు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉన్నాయి. రుసుము కడితే సర్టిఫికెట్ ఇస్తారు. నాటి సంఖ్యలూ నేటి సంఖ్యలూ ఒక్కటైతే కారు విలువ పెరుగుతుంది. ఇంజను మారి ఉంటే, అది ఎంత బాగా నడిచినా, విలువ తగ్గుతుంది.

ఇక తుప్పు. ఇంగ్లండులో చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. పుదుచ్చేరి సముద్రతీరంలో ఆ ఉప్పు గాలే తెచ్చిపెడుతుంది. రెండు చోట్లా ఫలితం ఒక్కటే. ఎం.జి.బి., ఈ-టైప్ వంటి కార్లలో విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బలం. తలుపుల కింది పెట్టె దూలాలు తుప్పుపడితే కారు నడుము విరుగుతుంది. పాత ఎం.జి. టి.సి.లలోనైతే రేకు లోపల చెక్క చట్రం ఉంటుంది, దానికి తుప్పుకు బదులు పుచ్చు. మన టింకరింగ్ షెడ్లలో చేసినట్టే అక్కడా తుప్పును పుట్టీతో కప్పి రంగు వేసేవారున్నారు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని రేకు మీద నడిపిస్తే పుట్టీ మందంగా ఉన్నచోట అంటుకోదు. అయితే ఆస్టన్ మార్టిన్ డి.బి.5 తలుపు మీద అంటుకోలేదని గాభరాపడకండి, దాని బాడీ అల్యూమినియంతోనే చేశారు.

పూర్తిగా విప్పి కట్టిన కారు కంటే, గీతలు పడినా పాత రంగు, పాత తోలు సీట్లు నిలుపుకున్న కారుకు కొన్నిసార్లు ఎక్కువ ధర వస్తుంది. దీనికి కారణం ఊహించగలరు. రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చు, మొదటి రంగు ఒక్కసారే ఉంటుంది. 1988 నుంచి ఎం.జి.బి.కి సరికొత్త బాడీలు కూడా బ్రిటన్‌లో తయారవుతున్నాయి. కొత్త బాడీ, మార్చిన ఇంజను ఉన్న కారును ఎప్పటి కారు అనాలి? వేలంలో ధర తగ్గించి జవాబు చెబుతారు. కేటలాగులో "అని నమ్మిక", "అని యజమాని తెలిపారు" వంటి మాటలు కనిపిస్తే ఆ వాక్యానికి వేలం సంస్థ పూచీ పడడం లేదని అర్థం. కారు ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతారు. సుత్తి పడ్డాక అడుగున చిల్లి కనబడిందంటే అది మీ చిల్లే.

ఒక ఈ-టైప్‌ను నిపుణుల చేత పూర్తిగా పునరుద్ధరింపజేస్తే ఖర్చు లక్ష పౌండ్లు దాటడం మామూలే. బాగుచేయించిన కారును కొనడమే చౌక అని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

సుత్తి ధర వేరు, చెల్లించేది వేరు

60 వేల పౌండ్ల దగ్గర సుత్తి పడిందనుకుందాం. దానిపై వేలం సంస్థ కొనేవాడి నుంచి కమీషన్ తీసుకుంటుంది. 12 శాతం అనుకుంటే 7,200 పౌండ్లు. ఆ కమీషన్‌పై బ్రిటన్‌లో 20 శాతం విలువ ఆధారిత పన్ను, అంటే 1,440. మొత్తం 68,640 పౌండ్లు. ఇది కాక లారీ కిరాయి, బీమా ఉంటాయి. అమ్మేవాడూ కమీషన్ ఇస్తాడు కనుక అతని చేతికి 60 వేలు కూడా రావు. కొన్న మర్నాడే అదే వేలంలో అమ్మితే రెండువైపులా కలిపి ధరలో ఐదో వంతు దాకా ఆవిరయ్యే అవకాశం ఉంది. పాత కార్లు బంగారంలా పెరుగుతాయని చెప్పేవారు ఈ లెక్క చెప్పరు. 1980ల చివర ఈ కార్ల ధరలు ఆకాశాన్ని అంటాయి. 1990 తరువాత కూలిపోయాయి. అప్పు చేసి కొన్నవారు చాలా ఏళ్లు కోలుకోలేదు.

మన దేశానికి తెచ్చుకోవాలంటే? 1950 జనవరి 1కి ముందు తయారైన కార్లకే పాత కార్ల కింద దిగుమతికి వీలు ఉండేది. అంటే ఎం.జి. టి.సి. రావచ్చు, ఈ-టైప్ రాకూడదు. 2025లో కేంద్రం ఈ నిబంధనను మార్చి, 50 ఏళ్లు దాటిన కార్లను అనుమతించింది. సుంకాలు మాత్రం కారు ధరనే మించిపోయేంత. కాబట్టి పైన చెప్పిన 68 వేలు సగం దారి మాత్రమే.

పుదుచ్చేరి కాగితాలు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలుగా ఉందని మీకు తెలుసు. పుదుచ్చేరి బండ్లకు పి.వై.01, కారైక్కాల్‌కు 02, మాహేకు 03, మన గోదావరి ఒడ్డున ఉన్న యానాంకు 04. ఇక్కడ రోడ్డు పన్ను తక్కువ. కేరళలో ఖరీదైన కార్లపై ధరలో ఐదో వంతు దాకా పన్ను ఉండగా ఇక్కడ కొన్ని వేల రూపాయలతో సరిపోయేది. దాంతో కేరళలో తిరిగే విలాసవంతమైన కార్లు కొన్ని ఇక్కడి తప్పుడు చిరునామాలతో రిజిస్టరయ్యాయన్న ఆరోపణలపై 2017లో కేరళ పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టారు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఆ కార్లు కొత్తవే, ఖరీదైనవే. కాని వాటి కాగితాల మీద అనుమానం పడింది. అలాంటి కారును పూర్తి ధరకు కొనడానికి ఎవరు ముందుకు వస్తారు? కాగితంలో లోపం ఇనుములోకి దిగుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

పాత కార్ల విషయంలో ఈ లోపం మరో విధంగా వస్తుంది. మన ప్రాంతంలో ఎన్నో హెరాల్డ్‌లు, అక్కడక్కడ ఒక ఎం.జి., పెరటి షెడ్డులో గోనెసంచుల కింద ఉండి, పెద్దాయన పోయాక పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వెళ్లిపోయాయి. కారు మిగిలినచోట ఆర్.సి. బుక్కు చెదలు తినేసి ఉంటుంది. మొదటి 15 ఏళ్ల తరువాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలన్నది చాలామంది మరచిపోతారు. అలాంటి బండిని అమ్మబోతే ఛాసిస్ సంఖ్య మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర ఉంటుంది, దానికి జత కలపడానికి పుస్తకం ఉండదు. సరిగ్గా ఇక్కడే దారం తెగుతుంది. పాత టోకెన్ ట్యాక్సు రసీదు, బీమా కాగితం, కారు ముందు తీసిన పెళ్లి ఫోటో కూడా ఆ దారంలో పోగులే. వేలం కేటలాగులలో ఇలాంటి కాగితాల పెట్టె ఫోటోను కారు ఫోటోకు పక్కనే వేస్తారు.

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి పాత బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ ఏర్పరచింది. 50 ఏళ్లు నిండి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా రిజిస్టరు చేయడానికి రుసుము 20 వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తరువాత మళ్లీ చేయించడానికి 5 వేలు. పాత నంబరు ఉన్నవారు దాన్నే ఉంచుకోవచ్చు. కొత్తగా తీసుకునేవారికి రాష్ట్రపు అక్షరాల తరువాత వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. పుదుచ్చేరిలోనైతే పి.వై. వి.ఎ. అని మొదలవుతుంది. ఆటన్ తీర్పుతో పోల్చితే మన నియమం కఠినమైనది. ఓల్డ్ నంబర్ వన్ మన రవాణా కార్యాలయం ముందు నిలబడితే, మారిన ఛాసిస్, ఇంజను, బాడీలను చూసి అధికారి తల అడ్డంగా ఊపవచ్చు.

ఆ నంబరు పలక బిగించిన కారులో రోజూ కాలేజీకి వెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శనకో, పాత కార్ల ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో మాత్రమే అది రోడ్డెక్కాలి.